ఒక్క మోడుకు పది మొక్కలు: ఇంటి నీడలో డ్రసీనా

బ్యాంకుకు వెళ్లినా, హైదరాబాదులో ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా, ఒక మూల కుండీలో మొక్కజొన్న ఆకుల్లాంటి వెడల్పాటి ఆకులతో ఒక మొక్క కనబడుతుంది. మూడు నాలుగడుగుల కర్ర, కర్ర చివర ఆకుల గుత్తి, ఆకు నడుమ పసుపు చార. అదే డ్రసీనా. నేరుగా ఎండ తగలకపోయినా బతుకుతుంది, రోజూ నీళ్లు అడగదు, నెలలకొద్దీ ఒకే మూల పడి ఉన్నా పచ్చగా ఉంటుంది. అందుకే పట్నంలో దానికి గిరాకీ.

పట్నంవాళ్లు కొనే మొక్కలతో అర ఎకరం, ఎకరం చెల్క ఉన్న మనకేం పని అని అనుకోవద్దు. ఈ మొక్కను తయారు చేయడానికి చెల్క అవసరమే లేదు. ఇంటి వెనుక వేపచెట్టు నీడ, పదును కత్తి, నాలుగు పిడికిళ్ల ఇసుక చాలు. బత్తాయికి అంటు కట్టడం చూసిన చేతులకు ఇది పిల్లల ఆట. అయితే మన జిల్లాలో ఈ మొక్కకు ఒక పెద్ద గండం ఉంది. అది తెగులు కాదు, పురుగు కాదు, మన బోరు నీళ్లే. కొమ్మ కోసే పద్ధతి ఎవరైనా చెబుతారు. నీళ్ల సంగతి చెప్పేవారు తక్కువ. ఆ సంగతి తెలియకుండా డబ్బు పెడితే మొక్క చావదు గానీ అమ్ముడుపోదు.

ఏ రకం తెచ్చుకోవాలి?

డ్రసీనాలు చాలా రకాలు. ఎక్కువ భాగం ఆఫ్రికా ఖండం నుంచి వచ్చినవి. పైన చెప్పిన పసుపు చార మొక్క మసాంజియానా. సన్నటి ఆకులకు అంచున ఎర్రటి గీత ఉండేది మార్జినేటా. ఆకు అంచున పసుపు పట్టీతో గుబురుగా పెరిగేదాన్ని సాంగ్ ఆఫ్ ఇండియా అంటారు. పేరులో ఇండియా ఉన్నా దాని పుట్టిల్లు మడగాస్కర్, మారిషస్ వైపు దీవులు. గాజు సీసాలో నీళ్లు పోసి అమ్మే లక్కీ బాంబూ కూడా డ్రసీనాయే. వెదురుకూ దానికీ చుట్టరికం లేదు. ముదురు ఆకుపచ్చ జానెట్ క్రెయిగ్, తెల్లచారల వార్నెకీ మరో రెండు రకాలు. ఈ రెండూ మన జిల్లాకు పనికిరావు, కారణం ముందు చెబుతాను.

చాగ మొక్క తెలుసు కదా, నారకు పనికొచ్చేది. ఆ జాతిదే స్నేక్ ప్లాంట్. శాస్త్రజ్ఞులు ఈ మధ్య చాగ జాతి మొత్తాన్నీ డ్రసీనా కిందికే చేర్చారు. కాబట్టి స్నేక్ ప్లాంటును కూడా ఈ కుటుంబంలోనే లెక్కపెట్టుకోండి.

నర్సరీల్లో ఎరుపు, గులాబి ఆకుల మొక్క ఒకటి చూపించి అదీ డ్రసీనాయే అంటారు. చాలాసార్లు అది కార్డిలైన్ అనే వేరే మొక్క. అనుమానం వస్తే కుండీ తీసి వేరు గిల్లి చూడండి. డ్రసీనా వేరు లోపల పసుపు, నారింజ రంగులో ఉంటుంది. కార్డిలైన్ వేరు తెల్లగా ఉంటుంది.

తల్లి మొక్కలు తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీల్లో దొరుకుతాయి, హైదరాబాదులోనూ దొరుకుతాయి. మొదటిసారి ఐదు మొక్కలకు మించి తేవద్దు. మసాంజియానా మూడు, సాంగ్ ఆఫ్ ఇండియా రెండు తెస్తే చాలు. కొనేటప్పుడు ఆకు అందం చూడకండి, కర్ర పొడవు చూడండి. మీకు కావలసింది కర్ర. ఆకులు పాడయి మూలన పడేసిన పొడవాటి కర్ర మొక్క చవగ్గా ఇస్తామంటే, వేరు మంచిదైతే అదే తీసుకోండి.

కోసే పద్ధతి

వానలు పడి గాలిలో చెమ్మ వచ్చాక, జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. ఫిబ్రవరిలోనూ చేయవచ్చు. ఏప్రిల్, మే నెలల వడగాలిలో కత్తి పట్టుకోకండి.

నాలుగడుగుల కర్ర ఉన్న మొక్క అనుకుందాం. అంటే 48 అంగుళాలు. మట్టి నుంచి 8 అంగుళాలు మోడు వదిలేయండి. పైన ఆకుల గుత్తిని ఐదారు అంగుళాల కాడతో కోయండి, ఇది తల ముక్క. మధ్యలో సుమారు 35 అంగుళాల కర్ర మిగులుతుంది. దాన్ని నాలుగు అంగుళాల ముక్కలు చేస్తే ఎనిమిది, కొంచెం పొట్టిగా కోస్తే తొమ్మిది వస్తాయి. తలతో కలిపి పది. అందులో రెండు మూడు కుళ్లిపోతాయని ముందే లెక్క వేసుకోండి. వదిలేసిన మోడు మళ్లీ చిగురేస్తుంది, కాబట్టి మొత్తం మీద లెక్క సరిపోతుంది.

ప్రతి ముక్కకూ కనీసం రెండు మూడు కణుపులు ఉండాలి. ఆకు రాలిన చోట కర్ర చుట్టూ ఉంగరంలా గీత ఉంటుంది చూడండి, అదే కణుపు. కొత్త చిగురు అక్కడి నుంచే వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఏది పైవైపు ఏది కిందివైపు అన్నది మరచిపోకూడదు. తలకిందులుగా పాతితే వేరు సరిగా రాదు. కోసిన ముక్కలన్నీ ఒక్కచోట పోశాక పైకింద కనిపెట్టడం కష్టం. అందుకని కోసేటప్పుడే పై కోత చదరంగా, కింది కోత ఏటవాలుగా కోయండి. చెరకు ముచ్చెలు పాతినట్టు అడ్డంగా పడుకోబెట్టి సగం లోతు పూడ్చినా చిగురు వస్తుంది. అప్పుడు పైకింద బాధ లేదు, కాని మొక్క నిటారుగా రావడానికి కొంత కాలం పడుతుంది.

కత్తిని ప్రతి మొక్కకూ మంటలో కాల్చి గానీ, స్పిరిటుతో తుడిచి గానీ వాడండి. డ్రసీనాకు కుళ్లు కత్తితోనే అంటుకుంటుంది. కోసిన ముక్కల్ని నీడలో ఒక పూట ఆరనిచ్చి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన ద్రావణంలో ముంచి నాటండి. వేరు హార్మోను పొడి అమ్ముతారు, కింది కోతకు అద్దితే వేరు కొంచెం తొందరగా వస్తుంది. లేకపోయినా వస్తుంది. ఐదు మొక్కలకోసం డబ్బా కొనడం దండగ.

తల ముక్కకు కింది ఆకులు తీసేసి, పై ఆకుల్ని సగానికి కత్తిరించండి. వేరు లేని కాడ అన్ని ఆకులకూ నీరు అందించలేదు. ఆకులు కోసేస్తే అందం పోతుందేమోనని ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. నచ్చచెప్పండి. కొత్త ఆకులు వచ్చాక పాతవి ఎలాగూ తీసేసేవే.

కోసిన ఆకులు మేకలకు వేయకండి. ఈ మొక్కలో సపోనిన్లు అనే పదార్థాలు ఉన్నాయి, కుక్కలు, పిల్లులు తింటే వాంతులు చేసుకుంటాయి. ఎరువు గుంటలో వేయడం మంచిది.

జామకు, నిమ్మకు గూటీ కట్టే అలవాటున్నవారు డ్రసీనాకూ కట్టవచ్చు. జామకు చుట్టూ బెరడు వలుస్తాం. ఇక్కడ అలా వలవవలసిన పని లేదు. కాడలో మూడోవంతు లోతుకు, కింది నుంచి పైకి ఏటవాలుగా గాటు పెట్టి, గాటు మూసుకుపోకుండా అగ్గిపుల్ల దూర్చి, తడి నాచు గానీ కొబ్బరి పొట్టు గానీ చుట్టి, పాలిథిన్ కాగితంతో కట్టాలి. తెల్ల కాగితం లోపల వేర్లు కనిపించాక దాని కింద కోసి నాటాలి. పొడవు పెరిగి వంగిపోయిన ఖరీదైన మొక్కకు ఈ పద్ధతి మేలు, ఎందుకంటే నష్టం తక్కువ. ఎక్కువ మొక్కలు కావాలంటే మాత్రం ముక్కల పద్ధతే.

మన బోరు నీళ్ల సంగతి

నల్లగొండ జిల్లా పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన నడుములు, గారపట్టిన పళ్లు చూడనివాళ్లు లేరు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం కలిపే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పడింది. మనిషి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. డ్రసీనా మనిషికంటే సున్నితం. అందులోనూ జానెట్ క్రెయిగ్, వార్నెకీ మరీ సున్నితం. ఫ్లోరైడ్ అంతకంటే తక్కువున్న నీళ్లకే ఆకు చివరలు మాడతాయి. పట్నం నర్సరీలవాళ్లు ఎంత మెచ్చుకున్నా ఆ రెండు రకాలూ తేవద్దన్నది అందుకే.

ఇది జరిగే తీరు తెలుసుకుంటే మీకే అర్థమవుతుంది. వేరు నీళ్లను పీల్చి ఆకుకు పంపుతుంది. ఆకు నుంచి నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ మాత్రం పోదు. ఆకు కొసన, అంచున పేరుకుంటుంది. ఉప్పు మడిలో నీరు ఆవిరైపోతే తెల్లటి ఉప్పు మిగిలినట్టే. కొంతకాలానికి కొస పసుపై, ఆ తర్వాత గోధుమ రంగుకు మారి ఎండిపోతుంది. ఎండిన చోటుకూ పచ్చని చోటుకూ మధ్య గీత గీసినట్టు ఉంటుంది. ముందు పాత ఆకుల్లో మొదలవుతుంది. ఒకసారి మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, ఏ మందు కొట్టినా లాభం లేదు.

కడియం నుంచి వచ్చిన మొక్క గోదావరి నీళ్లు తాగి పెరిగింది. మన వాకిట్లోకి వచ్చాక బోరు నీళ్లు పోస్తాం. కొన్ని వారాలకు కొసలు మాడతాయి. తెగులేమోనని మందుల దుకాణానికి పరుగెత్తుతాం, వాళ్లు ఏదో ఒక డబ్బా చేతిలో పెడతారు. నీళ్లు మార్చకపోతే ఆ డబ్బు మట్టిలో పోసినట్టే. పట్నం నర్సరీవాడు కొస మాడిన మొక్కను చేత్తోనే పక్కకు తోసేస్తాడు. ఇంట్లో అలంకారానికి కొనేవాళ్లు ఆకునే కదా చూసేది.

మరి ఏం చేయాలి? కాచి చల్లార్చితే ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కనవుతుంది. రాత్రంతా గోలెంలో నిలవ ఉంచితే నల్లా నీళ్లలోని క్లోరిన్ పోతుంది గానీ ఫ్లోరైడ్ పోదు. ఊళ్లలో నీటి శుద్ధి ప్లాంట్ల దగ్గర బయటికి వదిలే వ్యర్థ నీటిని చాలామంది మొక్కలకు పట్టుకెళ్తారు. డ్రసీనాకు ఆ నీరు విషం లెక్క. మంచినీళ్ల నుంచి తీసిన ఫ్లోరైడ్, ఉప్పులు అన్నీ అందులోనే ఉంటాయి.

మిగిలింది వాన నీరు, అదే అన్నిటికంటే మంచిది. లెక్క చూడండి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న రేకుల కప్పు మీద రెండు సెంటీమీటర్ల వాన పడితే 370 లీటర్ల దాకా నీరు వస్తుంది. కొంత పోయినా 200 లీటర్ల డ్రమ్ము నిండి ఇంకా మిగులుతుంది. వంద సంచులకు ఒక్కోదానికి ఒక చిన్న గ్లాసు, అంటే 150 మిల్లీలీటర్ల చొప్పున తడికి 15 లీటర్లు. మూడు రోజులకొక తడి పెడితే నెలకు 150 లీటర్లు. రెండు డ్రమ్ములుంటే వానాకాలం ధీమాగా గడుస్తుంది. సీజన్‌లో మొదటి వాన నీళ్లు వదిలేయండి, కప్పు మీది దుమ్మంతా అందులో వస్తుంది. డ్రమ్ముకు గుడ్డ కట్టండి, లేకపోతే దోమలు.

మిషన్ భగీరథ నల్లా కృష్ణా నీళ్లు వచ్చే ఊళ్లలో ఆ నీళ్లూ పనికొస్తాయి. అవి తాగడానికి ఇచ్చిన నీళ్లు, పైపు పెట్టి మొక్కలకు వదిలితే వాడకట్టులో పంచాయితీ తప్పదు. వానలు వెనకబడినప్పుడు ఒకటి రెండు బిందెలతో గడుపుకోండి.

మీ బోరులో ఫ్లోరైడ్ ఎంతుందో తెలియకపోతే గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. తల్లి మొక్కలు కొనడానికి ముందే చేయించండి, కొన్నాక కాదు.

ఫ్లోరైడ్ ఒక్క నీళ్లలోనే కాదు, సూపర్ ఫాస్ఫేటు ఎరువులో కూడా ఉంటుంది. బత్తాయి గుంతకు వేసినట్టు సంచి మట్టిలో పిడికెడు సూపర్ కలపడం మనవాళ్లకు అలవాటు. డ్రసీనాకు ఆ అలవాటు మానాలి. మట్టి పులుపుగా ఉంటే మొక్క ఫ్లోరైడ్‌ను ఎక్కువ పీల్చుకుంటుంది. సున్నం ఉన్న మట్టిలో తక్కువ పీల్చుకుంటుంది. బకెట్టు, అంటే 15 లీటర్ల మిశ్రమానికి 50 గ్రాముల డోలమైట్ పొడి కలిపితే మేలు.

సంచులు, నీడ

వేరు రావడానికి కడిగిన ఏటి ఇసుక ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడుసార్లు మంచి నీళ్లలో నానబెట్టి పిండి వాడండి. ఎరువు ఈ దశలో వద్దు. ముక్కను సగం లోతు పాతి చుట్టూ గట్టిగా అదమండి. కదిలే ముక్కకు వేరు పట్టదు.

నీడ వల కొనడానికి అప్పు చేయకండి. మన దగ్గర తాటి కమ్మలకు కొదవ లేదు. నాలుగు గుంజలు పాతి కమ్మలు కప్పితే వంద సంచులకు సరిపడా పందిరి అవుతుంది. కింద నిలబడి పైకి చూస్తే ఆకాశం చుక్కలు చుక్కలుగా కనబడాలి, అంత నీడ సరిపోతుంది. పడమటి వైపు మాత్రం పూర్తిగా కప్పండి.

తల ముక్కలకు మూడు నాలుగు వారాల్లో వేరు వస్తుంది. కర్ర ముక్కలకు నెల నుంచి రెండు నెలలు. చిగురు కనబడగానే వేరు వచ్చిందనుకుని పీకి చూడకండి. చిగురు కర్రలో దాచుకున్న బలంతోనే వస్తుంది, వేరు వెనక వస్తుంది. రెండు మూడు ఆకులు విప్పుకున్నాక పెద్ద సంచిలోకి మార్చండి. అప్పుడు రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. మాగని పేడ వేస్తే చెదలు పడతాయి.

నీళ్లు తక్కువై చచ్చే డ్రసీనాకంటే ఎక్కువై చచ్చేదే ఎక్కువ. వేలు పెట్టి చూడండి, అంగుళం లోతున పొడిగా ఉంటేనే పోయండి. ముక్క మెత్తబడి దుర్వాసన వస్తే అది కుళ్లు. పక్కనున్న రెండు సంచులతో సహా తీసి దూరంగా పారేయండి. ఆకు సందుల్లో పిండినల్లి కనబడితే తడి గుడ్డతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

స్నేక్ ప్లాంటు గురించి ఒక్కమాట. దాని ఆకును మూడు అంగుళాల ముక్కలు చేసి, రెండు రోజులు ఆరనిచ్చి పాతితే మొక్క వస్తుంది. కాని అంచున పసుపు పట్టీ ఉన్న రకాన్ని అలా చేస్తే వచ్చే పిల్ల మొక్కకు పసుపు పట్టీ రాదు, ఒట్టి ఆకుపచ్చది వస్తుంది. పట్టీ కావాలంటే దుంప పిలకలు విడదీయడమే మార్గం. నీళ్ల అవసరం బాగా తక్కువ కాబట్టి వాన నీరు నిలవ చేసుకోలేనివారు దీనితో మొదలుపెట్టవచ్చు.

అమ్మకం

ఇది ఎకరాలకొద్దీ పెంచే పంట కాదు. కొనేవాడు ఎవరో తెలియకుండా ఐదొందల సంచులు నింపితే కమ్మల పందిరి కింద అవి అలాగే ముదిరిపోతాయి. 2020 లాక్‌డౌన్‌లో లారీలు ఆగిపోయి కడియం నర్సరీలే అమ్మకాలు లేక దెబ్బతిన్నాయి. మనం ఎంత? ముక్కలు కోయకముందే దగ్గర్లోని టౌనులో రెండు మూడు నర్సరీలకు వెళ్లి ఏ రకం, ఎంత ఎత్తు, ఏ సైజు సంచి, ఎంతకు తీసుకుంటారని అడగండి. వాళ్లు చెప్పిన ధరలోంచి సంచి, కొబ్బరి పొట్టు, ఆటో కిరాయి, మీ ఇంటివాళ్ల కూలి తీసేసి చూడండి. మిగిలితేనే మొదలుపెట్టండి. మొక్కలిచ్చి తిరిగి మేమే కొంటాం, ముందు డబ్బు కట్టండి అని ఎవరైనా వస్తే, ఒప్పందం కాగితం మీద చూపించమనండి. కాగితం లేదంటే సాగనంపండి.

నర్సరీవాళ్లు ఒకే ఎత్తు మొక్కలనే అడుగుతారు. అందుకని ఒకే రోజున కోసినవన్నీ ఒక వరుసలో పెట్టి సంచి మీద తేదీ రాయండి. జూలైలో కోసినవి సంక్రాంతి నాటికి అమ్మకానికి సిద్ధమవుతాయి.

మొదట వదిలేసిన మోళ్లను మరచిపోకండి. వాటికి నీళ్లు సగానికి తగ్గించండి. ఆకు లేని మోడు ఎక్కువ నీరు తాగలేదు. కొన్ని వారాలకు మూడు నాలుగు చిగుళ్లు వస్తాయి. బలమైనవి రెండు ఉంచి మిగతావి చిన్నప్పుడే తుంచేయండి. మళ్లీ కోతకు వచ్చేంత కర్ర రావడానికి ఏడాది పైనే పడుతుంది. అందుకని ఈసారి వేరుపట్టిన మొక్కల్లో బాగున్నవి నాలుగైదు అమ్మకుండా వచ్చే ఏటికి తల్లులుగా ఉంచుకోండి.